స్కిల్ ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గర?

మహారాష్ట్ర కొసన, తెలంగాణ సరిహద్దులో ఉన్న సిరొంచలో ఎవరైనా ఉన్నట్టుండి కుప్పకూలితే, జిల్లా కేంద్రం గడ్చిరోలి చేరడానికి గంటలు పడుతుంది. గుండె ఆగిన మనిషికి ఉండే గడువు నిమిషాలే. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ కాస్త సమయంలో దిక్కు, పక్కనున్న నర్సో హౌస్ సర్జనో.

ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే సీపీఆర్‌లో వాళ్లకిచ్చే శిక్షణ మనకు తెలియనిది కాదు. రెండేళ్లకో వర్క్‌షాప్. పొద్దుటంతా స్లైడ్లు, భోజనాలయ్యాక గదినిండా జనానికి నొక్కి నేర్చుకోవడానికి ఒకే మనిషి బొమ్మ, సాయంత్రం సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. నేర్చిన పని మూడు నుంచి ఆరు నెలల్లో చెయ్యి జారిపోతుందని పరిశోధనలు ఏనాడో చెప్పాయి.

నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. వినడానికి తేలికే. రెండో నిమిషానికి మోచేతులు వంగుతాయి, లోతు తగ్గుతుంది, ఒంటి బరువంతా ఛాతీ మీదే వాలిపోతుంది. చేసేవాళ్లకు ఆ సంగతే తెలియదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 2014లో ప్రచురించిన పద్ధతి దీనికి సరిపోతుంది: తప్పిన చోటే ఆపి, రెండు మాటల్లో దిద్ది, కాస్త వెనక్కి వెళ్లి మళ్లీ చేయించడం. శ్రుతి తప్పితే సంగీతం మాస్టారు చేసేదీ ఇదే. బొమ్మను వార్డులోనే ఓ మూల పెట్టి, నెలకు పది నిమిషాలు చేయిస్తే చాలు.

పెద్ద చదువులుంటేనే ఇది వస్తుందనడానికి ఈ జిల్లాలో వీల్లేదు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ ఇక్కడి పల్లె మహిళలకే, పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు గాలి అందించడం నేర్పింది. ఇంటి దగ్గరే అందిన ఆ మొత్తం సంరక్షణతో మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది.

భాష సంగతీ ఉంది. నొక్కేటప్పుడు పైకి లెక్కపెట్టాలి. టెన్షన్‌లో నోటికొచ్చేవి ఇంట్లో నేర్చిన అంకెలే. సిరొంచలో చాలా ఇళ్లలో అవి తెలుగు అంకెలు. అయితే 'ఇరవై ఒకటి' దగ్గర నాలుక బరువెక్కి చెయ్యి నెమ్మదిస్తుంది. పదిదాకా మూడుసార్లు లెక్కిస్తే, ఒక విడతకు నొక్కాల్సిన ముప్ఫై అవుతుంది. మరాఠీ, ఇంగ్లిష్ పాఠాల పక్కన ఇంతమాత్రం చెప్పడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

మెడికల్ కాలేజీలకు స్కిల్ ల్యాబ్, అంటే ఇలాంటి బొమ్మల మీద సాధన చేసే గది, తప్పనిసరి చేశారు, సంతోషం. సాయంత్రం ఐదు దాటాక దాని తాళంచెవి నైట్ డ్యూటీ సిస్టర్ దగ్గర ఉండేలా చూడండి.