మహారాజశ్రీ గాలి కౌలు కాయితం గారికి

పాలమూరు పడమటి దిక్కున, ఓ గుట్ట కింద నాలుగెకరాల మెట్ట ఉన్న పట్టాదారు దండాలు పెట్టి రాసుకునే అర్జీ.

మా చేన్ల గాలిమర పెడ్తమని కంపెనీ పంపితే తమరు మా ఇంట్ల దిగి 11 దినాలైంది. 42 పేజీల ఒళ్లు, అంతా ఇంగ్లీషే. తమకు తగ్గ కుర్చీ లేక బియ్యం డబ్బా మీద కూసోబెట్టినం. మా చిన్నోడు డిగ్రీ చదువుతుండు. రెండు పేజీలు చదివి "తల నొస్తుంది నాయినా" అని సెల్లు పట్టుకున్నడు. సంతకం పెట్టాల్సిన కాడ మాత్రం పెన్సిలుతోని ఇంటు గుర్తులు పెట్టి పంపిన్రు. మాకు అర్థమయ్యే భాష అదొక్కటే అని ఎవరు చెప్పిన్రో ఏమో.

కౌలు మాకు కొత్త గాదు. ఉగాది ముంగట చెట్టు కింద కూసుంటం, ఎకరాకు ఇంత అనుకుంటం, చాయ తాగుతం, అయిపాయె. వాన పడకుంటే కౌలుదారు మొఖం చూసి సగం ఇడిచిపెడ్తం. తమరి కౌలు 28 ఏండ్లు. నాకిప్పుడు 54. అంటే 82 ఏండ్లకు కట్టె పట్టుకొని పోయి నా చేను నేను తిరిగి తీసుకోవాలె. నేను లేకుంటే నా వారసులు, వాళ్ల వారసులు కట్టుబడి ఉండాలని 17వ పేజీల ఉన్నదట. కంపెనీ మాత్రం 90 రోజుల నోటీసిచ్చి ఎప్పుడంటే అప్పుడు లేచిపోవచ్చునట. ఇదేం ముడి సామీ, ఒక్క కొసకే బిగుసుకుంటది!

మా తాత దొర భూమి కౌలుకు చేసినోడు. 1950 కౌలుదారీ చట్టం వచ్చినంక రక్షిత కౌలుదారు అయిండు. తర్వాత భూమి నీదే అని చెప్పే 38-ఈ సర్టిఫికెట్ చేతికొస్తే ఊరంత తిరిగి చూపించిండట. ఆ భూమే ఇది. గడీ ముంగట చెప్పులిడిచి నిలవడ్డ కౌలుదారు మా తాత. నా కౌలుదారు నా నెత్తి మీద 120 మీటర్ల ఎత్తున నిలవడ్తడట. ఇంత రక్షణ ఉన్న కౌలుదారును మా తాత కలల గూడ చూసి ఉండడు. మీ మనిషి నన్ను "ల్యాండ్ ఓనర్ గారూ" అన్నప్పుడు ఎనుకకు మళ్లి చూసిన, దొరొచ్చిండేమో అని.

ఇగ గాలి ముచ్చట. మొదలు ఇనుప స్తంభం పాతి ఏడాదో రెండేండ్లో గాలి కొలుస్తరంటే మా నాయిన నవ్విండు. జొన్నలు తూర్పార పట్టే కాలంల ఆయన కల్లంల ఎత్తుపీట ఎక్కి చిటికెడు పొట్టు జారిడిచి చూసేటోడు. నిలువుగ పడితే పీట దిగి బీడి ముట్టిచ్చేటోడు. ఏటవాలుగ పోతే చాట అందియ్యమనేటోడు. గింజ కాళ్ల కాడ, పొట్టు పది అడుగుల అవతల. ఆయన కొలత అంతే. దానికి ఏ బ్యాంకుల లోను పుట్టలే.

మీ మనిషి నోరు జారి ఇంకో మాటన్నడు. గాలి సెకనుకు మూడు మీటర్లన్న లేకుంటే రెక్క కరెంటు ఇయ్యదట, 25 దాటితే తనంత తానే ఆగిపోతదట. గాలి వేగం రెట్టింపైతే అందుల బలం ఎనిమిదింతలు అయితదట. ఎనిమిదింతలు! మృగశిర కార్తెల మా గుట్ట మీది గాలి గొంగడి గుంజుకపోతది. అప్పుడు నా కౌలెంత? మూడేండ్లకోసారి 5 శాతం పెరిగేదే. అయినా రాష్ట్రం మొత్తంల గాలి కరెంటు 128 మెగావాట్లే, పక్క ఆంధ్రల నాలుగు వేలు దాటింది. మా గాలిని ఇంత నమ్మినందుకు సంతోషమే.

23వ పేజీల గాలికి అడ్డమొచ్చే చెట్లు ఉండొద్దన్నరు. మా అవ్వ నాటిన యాపచెట్టు ఉన్నది, దాని కింద సద్ది తింటం. అది గాలికి అడ్డమట. ఇన్నేండ్లు మేము గాలి దాంట్ల నుంచే వస్తదనుకున్నం.

ఈ కౌలును కంపెనీ బ్యాంకుల కుదవ పెట్టుకోవచ్చు, ఇంకోళ్లకు అప్పజెప్పొచ్చు, నన్ను అడిగే పని లేదు. అదే నేల మీద పంట లోను అడిగితే నన్ను మూడు నెలలు తిప్పిన్రు. సాగు భూమి గాదని నాలా కింద మారిస్తే ఆ ఎకరానికొచ్చే ఏడాదికి 12 వేల రైతు భరోసా గూడ గాలికే. గడువు తీరినంక స్తంభం తీస్కపోతరట, పునాది మాత్రం మీటరు లోతు దాకనే తవ్వుతరట. దాని కిందున్న కాంక్రీటు మా మనుమలకు కానుక. రెక్కలు గాజు నారవి, పాత ఇనుప సామాన్ల బండోడు గూడ వద్దంటడు.

తమరి మీద కోపం లేదు. బొంబాయికి పోయి మట్టి మోసిన ఊరు మాది, కూసున్న కాడికి పైసలొస్తయంటే ఎవరికి చేదు? బొగ్గు పొగ కంటె రెక్క మేలని నాకూ ఎరుకే. ఒక్కసారి ఎనుకకు పోయి, తెలుగుల రండి. ముడి రెండు కొసలకు ఏసుకొని రండి. యాపచెట్టు జోలికి రాకుండ్రి.

సోమవారం సంతకానికి మీ మనిషి వస్తనన్నడు. మా నాయిన పొద్దుగాలనే యాపచెట్టు కింద కూసొని చిటికెడు పొట్టు జారిడిచిండు. నిలువుగ పడ్డది. బీడి ముట్టిచ్చిండు.

ఇట్లు,
తమరి భూస్వామి