సరి నంబరుకి కొత్త మందు, బేసి నంబరుకి పాత మందు అట!

ఇప్పుడే మీటింగ్ అయింది, ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. కొత్త మందు ట్రయల్‌కి లెక్కలు చూసే స్టాటిస్టీషియన్‌ని నేను. రాండమైజేషన్ (ఏ పేషెంట్ ఏ గ్రూపులోకో లాటరీలా తేల్చడం) గురించి నేను రాసిన పేజీని పెద్ద డాక్టరుగారు కనీసం చదవకుండా తిప్పేసి, "ఇంత తతంగం ఎందుకమ్మా? కేస్ షీట్ నంబర్ సరి అయితే కొత్త మందు, బేసి అయితే పాత మందు. అదీ రాండమే కదా" అన్నారు. అందరూ తలలూపారు. ఊపరూ మరి!

తర్వాత వచ్చే పేషెంట్ ఏ గ్రూపులో పడతాడో చీటీ రాసేవాళ్లకి కూడా ముందే తెలిస్తే అది రాండమా? బాగా నీరసించినవాడు బేసి నంబరు మీద వస్తే "పాపం, ఇతనికి ఇంకో నంబర్ ఇద్దాం" అంటారు. మోసం కాదు, జాలే. ట్రయల్‌ని ముంచేది ఆ జాలే.

1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో 20,000 మంది బడిపిల్లలతో పాల ప్రయోగం చేశారు. సగం మందికి పాలు, సగం మందికి లేవు. గ్రూపులు సమానంగా లేవనిపిస్తే పిల్లల్ని మార్చుకోవచ్చని టీచర్లకి వెసులుబాటు ఇచ్చారు. ఇంకేముంది! పాలు తాగని గ్రూపు మొదట్లోనే ఎత్తులోనూ బరువులోనూ ముందుంది. బక్కపిల్లలంతా పాల వైపు చేరిపోయారన్నమాట. (పైగా బట్టలతోనే తూచారు, మొదట చలికాలంలో, తర్వాత ఎండాకాలంలో! అది ఇంకో ఏడుపు.)

1948లో వచ్చిన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్‌లో ఉన్నది 107 మంది క్షయ రోగులే. రాండమ్ నంబర్లు, సీలు వేసిన కవర్లు. పేషెంట్‌ని చేర్చుకున్నాకే కవరు విప్పాలి. అప్పట్లోనే అంత కట్టుదిట్టం. ఇప్పుడు కవర్లిస్తే ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి లోపలేముందో చూస్తారు.

అసలు వీళ్లు నన్ను ప్రోటోకాల్ దశలో, అంటే ట్రయల్ ప్లాన్ రాసేటప్పుడే, పిలవడమే గొప్ప. మామూలుగా అయితే అంతా అయిపోయాక రాత్రి పదకొండింటికి ఎక్సెల్ షీటొకటి పడేస్తారు. "పి వాల్యూ 0.08 వచ్చింది, కాస్త చూడమ్మా." (0.05 కంటే తక్కువొస్తేనే మందుల మధ్య తేడా ఉందని ఒప్పుకోవడం ఆనవాయితీ.) ఏం చూడాలి సార్? గ్రూపుకి 30 మంది ఎందుకంటే "అందరూ అంతే పెడతారు" అన్నది మీరే కదా! ఆ వెంటనే మొదలు: ఆడవాళ్లని విడిగా చూడు, యాభై దాటినవాళ్లని చూడు, షుగరున్నవాళ్లని చూడు.

గుండెపోటు మీద జరిగిన ఐసిస్-2 ట్రయల్‌లో ఆస్పిరిన్ బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ ఇలా ముక్కలు చేసి చూస్తే ఏమవుతుందో చెప్పడానికి 1988లో వాళ్లే రాశులవారీగా లెక్క కట్టి చూపించారు. మిథున, తులా రాశులవాళ్లకి ఆస్పిరిన్ పనిచేయలేదట! ఈసారి ఎవరైనా "ఇంకో సబ్‌గ్రూపు చూడమ్మా" అంటే, ముందు పేషెంట్ల జాతకాలు పట్టుకు రమ్మంటాను.