తిరగేసిన గిటారు: ఆల్బర్ట్ కింగ్ గురించి ఒక వాదోపవాదం

అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్‌లో పేరొందిన గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్ 1992 డిసెంబరు 21న మెంఫిస్‌లో కన్నుమూశారు. ఆయన వర్ధంతి రోజున ఒక గిటారు మాస్టారికీ, ఆ మాస్టారి దగ్గరే నేర్చుకున్న ఎడమచేతివాటం శిష్యుడికీ మధ్య సాగిన వాదం ఇది.

మాస్టారు: ఆయనను తలుచుకోవడానికి కూర్చున్నప్పుడల్లా మీరంతా ఒకే చోట మొదలుపెడతారు. గిటారును తలకిందులుగా పట్టుకునేవారని, పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) లేకుండా బొటనవేలితో మీటేవారని, వేదిక మీద కూడా నోట్లో పైపు ఉండేదని చెబుతారు. ఇవి చూడటానికి వెళ్లినవాళ్లు చెప్పుకునే సంగతులు. 1967లో స్టాక్స్ రికార్డుల సంస్థ విడుదల చేసిన ఆయన ఆల్బమ్ ‘బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’ వింటున్నప్పుడు, ఆయన ఏ చేత్తో వాయిస్తున్నారో రికార్డు చెప్పదు కదా నాయనా.

శిష్యుడు: చెబుతుంది మాస్టారూ, ప్రతి స్వరంలోనూ చెబుతుంది. ఎడమచేతివాటం వాళ్లు చాలామంది గిటారును తిప్పి పట్టుకుని, తీగలను కూడా తమకు అనువుగా మార్చి బిగించుకుంటారు. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ చేసింది అదే. ఆల్బర్ట్ కింగ్ తీగలను మార్చలేదు. కుడిచేతివాటం వాళ్ల కోసం చేసిన గిటారును ఉన్నదున్నట్టు తిప్పి పట్టుకున్నారు. దాంతో సన్నని తీగలు పైకి, ఆయన గడ్డం వైపుకు వచ్చాయి. లావు తీగలు నేల వైపుకు పోయాయి. స్వరం పెంచాలంటే మనం సన్నని తీగను వేలికొనతో పైకి నెడతాం. ఆయన అదే తీగను వేలికి తగిలించి కిందికి, అరచేతిలోకి లాగేవారు. గిలక బావి దగ్గర తాడును కిందికి గుంజేటప్పుడు మనిషి బరువంతా చేతిలోకి ఎలా దిగుతుందో మీకు తెలుసు. పైకి నెట్టే పనిలో ఆ బలం రాదు. పైగా ఆయన ఆరడుగులు దాటిన మనిషి, కొంతకాలం బుల్డోజరు నడిపిన చేతులవి, తీగలను మామూలు శ్రుతికంటే దించి వదులుగా ఉంచుకునేవారు. అందుకే ఆయన లాగిన స్వరం మన వీణ మీద గమకం పలికినట్టు మెట్టు మీద మొదలై, మెట్టుకు అందని చోటికి వెళ్లి, అక్కడ మూలిగి, తిరిగి వస్తుంది. బొటనవేలితో మీటడం వల్ల ఆ స్వరానికి పిక్ ఇచ్చే పదును బదులు మాంసం తగిలిన మెత్తదనం వస్తుంది. మీరు చూసేవాళ్ల సంగతి అంటున్నది నాకు సంగీతంగానే వినిపిస్తోంది.

మాస్టారు: బాగా చెప్పావు గానీ, ఆల్బర్ట్ తర్వాతి తరం బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్‌ను ఎక్కడ పెడతావు? ఆయనది కుడిచేతివాటం, తీగలు అందరి గిటారులో ఉన్నట్టే ఉండేవి. 1983 డిసెంబరు 6న కెనడాలోని హామిల్టన్‌లో, ఒక టీవీ స్టూడియోలో ఇద్దరూ పక్కపక్కన వాయించారు. కళ్లు మూసుకుని విను. చాలాచోట్ల ఆల్బర్ట్ పలికించిన మూలుగునే ఆ కుర్రవాడు తీగను పైకి నెట్టి పలికించాడు. రహస్యం తిరగేసి పట్టుకోవడంలో ఉంటే, తిరగేయని చేతికి అది ఎలా వచ్చింది? మరో బ్లూస్ గిటారిస్టు ఓటిస్ రష్ కూడా ఎడమచేత్తో తిరగేసే వాయించారు, అయినా ఆయన ఆల్బర్ట్ కాలేదు. ఇక ఆ 1967 రికార్డులో బుకర్ టీ జోన్స్ బృందం, మెంఫిస్ హార్న్స్ అనే బాకాల బృందం లేకుండా చూడు, సగం మిగలదు. ఆల్బర్ట్ కార్డులు (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి పలికించడం) వాయించడమే అరుదు. ఆ లోటును చుట్టూ ఉన్నవాళ్లు పూడ్చారు.

శిష్యుడు: స్టీవీ మాట నేను కొట్టిపారేయలేను. కానీ స్టీవీ చేరవలసిన చోటు ఆయనకు ముందే వినిపించింది, ఆల్బర్ట్ రికార్డులలో వినిపించింది. ఆల్బర్ట్‌కు అలాంటి నమూనా లేదు; ఆ చోటును చూపించింది ఆయన చెయ్యే. కార్డుల సంగతి కూడా అంతే. లావు తీగలు కిందికి పోయిన గిటారు మీద అందరికీ నేర్పే కార్డుల పట్లు ఒదగవు. అందుకే ఆయన తాళాన్నీ కార్డులనూ బృందానికి వదిలి, పాట పాడి, పాటకు జవాబుగా నాలుగు స్వరాలు పలికి ఆగేవారు అనుకుంటాను. ఆ ఆగడం వల్లే హార్న్స్‌కు చోటు దొరికింది. అలాగే తిరగేసి వాయించిన అమెరికన్ జానపద గాయని ఎలిజబెత్ కాటెన్‌ను వినండి. అందరూ బొటనవేలితో మంద్రం, మిగతా వేళ్లతో రాగం వాయిస్తే, ఆమెది దానికి ఎదురు. ఆ వాయింపుకే ఒక పేరు పుట్టింది. ఓటిస్ రష్ ఆల్బర్ట్ కాలేదు నిజమే, కానీ ఆయన తీగ లాగినప్పుడు వచ్చే ఏడుపు కూడా పైకి నెట్టేవాళ్ల నుంచి నేను అంతగా వినలేదు.

మాస్టారు: వినలేదన్నది నీ చెవి చెప్పే మాట, రుజువు కాదు.

శిష్యుడు: అయితే నా చేతి మాట వినండి. ఎనిమిదేళ్ల వయసులో నేను మీ ముందు గిటారును ఎడమవైపుకు తిప్పి పట్టుకుంటే, మీరు దాన్ని నా ఒడిలోంచి తీసి కుడివైపుకు తిప్పారు. మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి నేనే కుడివైపుకు తిప్పుకున్నాను.

మాస్టారు: ఆ రోజుల్లో ఎడమచేతి గిటారు మన ఊళ్లో ఏ దుకాణంలోనూ దొరికేది కాదు. నలుగురు పిల్లలకు ఒకే గిటారు మీద నేర్పే మాస్టారు ఒకరికోసం తీగలు విప్పి బిగించలేడు. పుర్రచెయ్యి అని నిన్ను నేను ఒక్కనాడూ అనలేదు.

శిష్యుడు: అనలేదు. కానీ తీగలు విప్పనక్కర్లేదనే కదా ఆల్బర్ట్ చూపించారు. మన కచేరీలలోనూ పళని సుబ్రమణ్య పిళ్లై ఎడమచేతివాటంతోనే మృదంగం వాయించారు. ఆయనకోసం వేదిక మీద కూర్చునే వైపు మార్చవలసి వచ్చినా, ఆయన చెయ్యి మార్చుకోలేదు.

మాస్టారు: ఒక పళని వెనుక, ఒక ఆల్బర్ట్ వెనుక, తప్పు పట్టుతో వేళ్లు నొప్పెట్టి మధ్యలో మానేసినవాళ్లు ఎందరుంటారో ఎప్పుడైనా ఆలోచించావా? వాళ్ల వర్ధంతులు ఎవరూ జరపరు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో నేను ముందు చూసేది వాళ్లనే. నీకు ఈ రోజు కార్డులు, సోలో రెండూ వచ్చంటే ఆ మూడుసార్లు తిప్పడం వల్లే వచ్చాయి.

శిష్యుడు: రెండూ వచ్చాయి, దానికి మీకు నమస్కరిస్తాను. కానీ మిసిసిపి రాష్ట్రంలో పుట్టి, ఆర్కాన్సా పత్తి చేలలో పెరిగి, సిగార్ పెట్టెతో తొలి గిటారు చేసుకున్న ఆ పిల్లవాడి చేతిలోంచి దాన్ని తిప్పడానికి ఎవరూ లేకపోయారు. లేకపోవడం మన అదృష్టం అని నేనంటే, అది మీ మీద నిందగా తీసుకోకండి.

మాస్టారు: సరే, ఆ గిటారు ఇటివ్వు. ఇదిగో, తిరగేశాను. మొదటి తీగ నా గడ్డం కిందికి వచ్చింది. ఇప్పుడు దీన్ని కిందికి లాగాలంటావు?

శిష్యుడు: అవును, ఉంగరపు వేలితో పట్టి, మధ్యవేలు, చూపుడువేలు దానికి తోడిచ్చి లాగండి. పిక్ పక్కన పెట్టి బొటనవేలితో మీటండి. స్వరం పైకి చేరాక వెంటనే వదిలేయకండి.

మాస్టారు: లాగుతాను గానీ, స్టీవీ సంగతి నువ్వింకా తేల్చలేదు.