పది నెలల అడ్వాన్స్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బెంగళూరు పది నెలల అడ్వాన్స్ గారికి,

కుందలహళ్లి మాజీ అద్దెదారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ ఓనరు గారి ఖాతాలో నాలుగేళ్లుగా క్షేమమే కదా.

నిన్న మీకోసమే వచ్చాను. రెండింటికి రమ్మన్న ఓనరు గారు ఐదింటికి వచ్చారు. అంతసేపూ ఖాళీ హాల్లో నేలమీద చెమటలు కక్కుతూ కూర్చున్నా. ఫ్యాన్ లేదు. ఫ్యాన్ మాదే, విప్పుకెళ్లాం.

2021 జూన్‌లో అద్దె 18,000, మీరు 1,80,000. మదనపల్లె నుంచి నాన్న టమాటా డబ్బు లక్ష పంపితే, మిగతాది మా ఆవిడ గాజులు చూసుకున్నాయి. సరిగ్గా ఆ నెలలోనే కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని అందులో ఉంది. ఆ ముక్క చదివి వినిపిస్తే ఓనరు గారు శ్రద్ధగా విని, "నమూనానే కదప్పా" అన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మనవాళ్లే!

మా ఊళ్లో ధర్మవడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి. ఆ లెక్కన నాలుగేళ్లకు మీమీద నాకు 86,400 రావాలి. అడిగానా? లేదు. పదకొండు నెలలకోసారి అగ్రిమెంటు ఖర్చు నాదే అన్నా, 2024 ఎండాకాలం ట్యాంకరు డబ్బులు నావే అన్నా కిమ్మనలేదు. 2023 మార్చిలో వైట్‌ఫీల్డ్‌కు మెట్రో వచ్చింది. నేనింకా కార్డు కొననేలేదు, అద్దె ఎక్కేసింది. ఎక్కి ఎక్కి 27,000 అయింది. ఇప్పుడు 36,000 ఇస్తే ఉండండి అన్నారు. ఉండలేక ఖాళీ చేశాం.

ఇక పెయింటింగ్ సంగతి. ఓనరు గారు గోడల్లో మేకుల కన్నాల్లో వేలు పెట్టి మరీ లెక్కపెట్టారు. పడగ్గది తలుపు పక్కన ఆగారు. పెన్సిల్ గీతలు నాలుగు.

"ఇదేందప్పా?"

"మా పాప ఎత్తండీ. ప్రతి పుట్టినరోజుకూ ఒకటి."

"గోడంతా పోయింది కదప్పా."

పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోత. చేతికి 1,53,000. మేం దిగిన రోజే వంటింటి గోడ చెమ్మకు ఉబ్బి ఉంది, ఫోన్లో ఫొటో ఉంది, చూపించాను. అద్దాలు తేలేదన్నారు.

ఇవాళ పొద్దున యాప్‌లో అదే ఇల్లు కనబడింది. "కొత్తగా పెయింట్ వేసిన ఇల్లు, అద్దె 36,000, అడ్వాన్స్ పది నెలలు." మూడో ఫొటో పెద్దది చేసి చూశా. తలుపు పక్కన మా పాప నాలుగు పుట్టినరోజులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఏం పెయింటయ్యా అది? ఎవడి కళ్లకు కనబడే పెయింటు? 27,000 పెట్టి నా కూతురి గీతలు నేనే కొనుక్కున్నట్టా? కొనుక్కున్నవైతే గోడ పెకలించి ఇవ్వండి, తీసుకెళ్తా!

సరే. హోస్కోటె దగ్గర కొత్త ఇంట్లో మీ తమ్ముడు ఆరు నెలలవాడు, 1,50,000. నిన్న మీరు నా ఖాతాలో గంటసేపైనా కూర్చోలేదు, అటే వెళ్లిపోయారు. మిగిలిన మూడు వేలు సామాను దించినవాళ్లకు సరిపోయాయి.

పాప పెన్సిల్ పట్టుకుని తలుపు పక్కన నిలబడింది. గోడ వద్దమ్మా, బీరువా మీద గీద్దాం అన్నాను. బీరువా మాదే.

ఇట్లు,
మీ అసలు యజమాని