నార్వే రోడ్లు ఆయిల్ డబ్బుతో మొదలవ్వలేదు

నార్వే రోడ్ల వీడియో ఎవరు పెట్టినా కింద ఒకటే మాట కనిపిస్తుంది. "వాళ్ళకేంటండీ, ఆయిల్ డబ్బుంది, కొండల్ని తొలిచేస్తారు" అని. లేర్డాల్ టన్నెల్ చూసి ఎవరైనా అలా అంటే అర్థం చేసుకోగలను, అది 24.5 కిలోమీటర్ల పొడవు, తెరిచింది 2000లో. కానీ ఆ దేశానికి సముద్రంలో చెప్పుకోదగ్గ చమురు దొరికింది 1969లో. ఆ కొండల మీద గుర్రబ్బండ్లు నడిచే రోడ్లు అంతకు దాదాపు 200 ఏళ్ళ ముందే పడ్డాయి. అప్పుడు నార్వే డెన్మార్క్ రాజు కింద ఉన్న దేశం, జనాభా 10 లక్షలు కూడా లేదు, యూనివర్సిటీ లేదు, రాజధాని కూడా తమ గడ్డ మీద లేదు. మరి రోడ్లు ఎవరు వేశారు? ఎవరి ఖర్చుతో, ఎవరి ఒళ్ళు హూనం చేసుకుని వేశారు? ఇది అడగకుండా "డబ్బుంది కాబట్టి" అనేస్తే చాలామందికి అన్యాయం చేసినట్టే అని నా అభిప్రాయం.

మొదట సైన్యం సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో భూమిని కొలిచి, మ్యాప్ గీసి, ఏటవాలు లెక్క కట్టగలిగిన చదువు ఎక్కువగా ఆర్మీ ఆఫీసర్ల దగ్గరే ఉండేది. 1750లో క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో, సైనిక విద్యార్థుల కోసం గణిత పాఠశాల పెట్టారు, అక్కడ లెక్కలూ సర్వే నేర్పించేవాళ్ళు. పక్కనే స్వీడన్, ఎప్పుడు యుద్ధం వస్తుందో తెలియదు, ఫిరంగులు లాక్కెళ్ళాలంటే దారి కావాలి. అందుకే రోడ్ల పని చాలావరకు యూనిఫారం వేసుకున్నవాళ్ళ చేతికి వెళ్ళింది. ఉత్తర భాగానికి జనరల్ రోడ్ మాస్టర్‌గా చేసిన నికొలాయ్ ఫ్రెడరిక్ క్రోగ్ (1732–1801) అలాంటి ఆఫీసరే. ఆ పద్ధతి వందేళ్ళ తర్వాత కూడా పోలేదు. 1874 నుంచి 1903 దాకా దేశం మొత్తానికి రోడ్ డైరెక్టర్‌గా ఉన్న హాన్స్ హాగెరుప్ క్రాగ్ కూడా సైన్యం నుంచి వచ్చినవాడే. టూరిస్టులు ఎగబడి ఫోటోలు తీసుకునే గైరాంగర్ కొండ రోడ్డు ఆయన హయాంలోనే, 1881–89 మధ్య కట్టారు, 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో దానికి గోల్డ్ మెడల్ వచ్చింది.

తొలినాళ్ళ ఆఫీసర్లకి తిన్నటి గీత అంటే మోజు. కొండ అడ్డొస్తే చుట్టూ తిరగడం కాదు, నేరుగా ఎక్కించేయడమే. 1793లో లేర్డాల్ లోయలో, బోర్గుండ్ చెక్క చర్చికి దగ్గర్లో వేసిన విండ్‌హెల్లా రోడ్డు చూస్తే తెలుస్తుంది. క్రిస్టియానియాకీ బెర్గెన్‌కీ మధ్య రాజమార్గంలో ఒక ముక్క అది, నాలుగడుగులు ముందుకెళ్తే సుమారు ఒక అడుగు పైకి ఎక్కాలి. కాగితం మీద గీత గీసినవాడికి అందంగానే ఉండి ఉంటుంది. సరుకుతో ఉన్న బండిని లాగే గుర్రానికీ, దాన్ని వెనక నుంచి నెట్టే మనిషికీ అది నరకం. 1840లలో దాన్ని మళ్ళీ వంపులు తిప్పి కట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింటు. ఆ రోడ్ల మీద చాకిరీ చేసింది రైతులు. చట్టం ప్రకారం ప్రతి పొలానికీ రోడ్డులో ఒక ముక్క కేటాయించేవాళ్ళు, దాన్ని గుంతలు పూడ్చి, నీళ్ళు పోయేలా కాలవ తీసి బాగుగా ఉంచే పూచీ ఆ పొలం వాళ్ళదే. ముక్క ఎక్కడ మొదలైందో చూపించడానికి రోడ్డు పక్కన రాయి పాతేవాళ్ళు, దాని మీద పొలం పేరూ, ఎన్ని 'అలెన్'ల పొడవో చెక్కేవాళ్ళు. అలెన్ అంటే సుమారు 63 సెంటీమీటర్లు. ఆ రాళ్ళు కొన్ని ఇప్పటికీ పాత దార్ల పక్కన నిలబడి ఉన్నాయి. ఇది చాలదన్నట్టు ప్రయాణికులకి, అధికారులకి గుర్రాలు సమకూర్చే బాధ్యత కూడా రైతుల మీదే. కిరాయి ఇచ్చినా అది ప్రభుత్వం కట్టిన రేటు, కోతల మధ్యలో పిలిచినా వెళ్ళాల్సిందే. మన దగ్గర జరిగిన వెట్టితో దీన్ని పూర్తిగా సమానం అననుగానీ, ఎందుకంటే అక్కడ చాలామంది రైతులకి సొంత భూమి ఉండేది, పై నుంచి హుకుం వస్తే చేతిలో పని వదిలేసి పరిగెత్తడం మాత్రం రెండు చోట్లా ఒకటే. వాళ్ళేమీ నోరు మూసుకుని కూర్చోలేదు కూడా. అధికారుల వసూళ్ళ మీద, ధాన్యం వ్యాపారంలో గుత్తాధిపత్యం మీద 1786–87లో దక్షిణాన రైతులు లాఫ్ట్‌హూస్ అనే రైతు నాయకత్వంలో తిరగబడ్డారు. ఆయన్ని ఆకెర్స్‌హూస్ కోటలో గొలుసులతో కట్టేశారు, 1797లో అక్కడే చచ్చిపోయాడు.

ఈ నేపథ్యం తెలిశాక పేడర్ అంకర్ (1749–1824) కథ చదివితే వేరేగా కనిపిస్తుంది. ఈయన వచ్చింది సైన్యం నుంచి కాదు, కలప వ్యాపారి కుటుంబం నుంచి. 1789లో క్రిస్టియానియా వైపు ప్రాంతానికి రోడ్ల పెద్దగా నియమించారు. బోగ్‌స్టాడ్ ఎస్టేటు ఆయనది, దాని వెనక ఉన్న విశాలమైన అడవి ఆయనది, 1610 నాటి బేరుమ్స్ వెర్క్ ఇనుప కర్మాగారం కూడా కొన్నాడు. ఆ రోజుల్లో ఇనుప కర్మాగారం చుట్టూ ఒక హద్దు గీసేవాళ్ళు, ఆ హద్దులో ఉన్న రైతులు నిర్ణయించిన ధరకి బొగ్గు కాల్చి ఇవ్వాలి, సరుకు తోలాలి. అంటే ఆ చుట్టుపక్కల రైతుకి ఒక పక్క రోడ్డు పని, ఇంకో పక్క ఫ్యాక్టరీ బొగ్గు పని, రెండిటి పైనా ఉన్నది ఒకే పెద్దమనిషి! రోడ్లు బాగుపడితే అందరికంటే ముందు లాభపడేది కలపా ఇనుమూ అమ్ముకునే వాడే కదా. ఆయన దురుద్దేశంతో చేశాడని నేను అనడం లేదు. కానీ పదవీ ఆస్తీ ఒకే చేతిలో ఉన్నప్పుడు ప్రశ్న అడగాల్సిందే, 200 ఏళ్ళ తర్వాతైనా సరే.

ఒక తేడా మాత్రం నిజాయితీగా చెప్పాలి. తన కర్మాగారానికి ఖనిజం తెచ్చుకోవడానికి అడవి గుండా 1790ల మొదట్లో అంకర్ ఒక రోడ్డు వేయించాడు. అది ఆయన సొంత అవసరం కోసం వేసుకున్న సొంత రోడ్డు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1814లో ఎయ్డ్స్‌వోల్ అనే చోట 112 మంది కూర్చుని నార్వే రాజ్యాంగం రాసినప్పుడు ఆ సభకి మొదటి అధ్యక్షుడు ఈయనే, అదే ఏడాది నార్వే స్వీడన్ రాజు కిందకి వెళ్ళాక 1822 దాకా స్టాక్‌హోమ్‌లో నార్వే తరఫున ప్రధానమంత్రి. చిన్నవాడేమీ కాదు. ఆ సభ జరిగిన ఇల్లు ఆయన కజిన్ కార్‌స్టెన్ అంకర్‌ది. కార్‌స్టెన్ అన్న పీటర్ అంకర్ 1788లో మన తమిళనాడు తీరంలోని తరంగంబాడికి డెన్మార్క్ గవర్నరుగా వచ్చి ఏళ్ళ తరబడి ఉన్నాడు, దక్షిణ భారతంలో చూసినవాటిని బొమ్మలు గీశాడు. ఒకే కుటుంబం ఇటు అడవులు, అటు ఇనుము, ఇంకోవైపు మన తీరంలో కోట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి "నార్వే ఎప్పుడూ ఎవరి జోలికీ పోని దేశం" అనే మాట నాకు మింగుడుపడటం లేదు.

నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. అంకర్ అడవిలో చాలా భాగం వారసత్వంగా దిగి ఇప్పటికీ ప్రైవేటు ఆస్తే. అయినా ఓస్లో జనం ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని అందులోకి దర్జాగా నడిచి వెళ్తారు, చలికాలంలో స్కీ చేస్తారు, గేటు లేదు, టికెట్ లేదు. ఎప్పటి నుంచో ఉన్న ఆ ఆచారాన్ని 1957లో చట్టంగా రాసుకున్నారు. భూమి నీదే కావచ్చు, సాగు చెయ్యని నేల మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ. ఖనిజం బండ్ల కోసం వేసిన అంకర్ రోడ్డు మీద ఇప్పుడు నడిచేది మామూలు మనుషులే.

కాబట్టి నార్వే వెళ్ళే మనవాళ్ళకి, అక్కడే ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళకి ఒక మాట. గైరాంగర్‌లో ఫోటో దిగండి, తప్పకుండా దిగండి. ఒక రోజు మిగుల్చుకుని విండ్‌హెల్లా పాత దారి నడిచి ఎక్కండి, లేదా ఓస్లోలోనే ఉంటే బోగ్‌స్టాడ్ వెళ్ళండి, ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పాత రోడ్ల పక్కన పొలం పేరు చెక్కిన రాయి కనిపిస్తే ఆగి ఫోటో తీసి ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, ఏ ఊరో ఏ లోయో కూడా రాయండి.