మంచు పట్టిన ఫ్రీజరు గారికి

మహారాజశ్రీ సింగిల్ డోర్ ఫ్రిజ్ పైగూటి ఫ్రీజరు గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ క్షేమం లేదు. రాత్రంతా తమరి దగ్గర ఉంచిన సువర్ణరేఖ మామిడి ముక్కలు, నాసిక్ తెల్ల వైను కలిపి మంచు పలుకుల్లాంటి స్లష్ చేద్దామంటే, ఈ మధ్యాహ్నం మిక్సీలోంచి బొటబొటా కారాయి. చెంచాతో తినాల్సింది గటగటా తాగేశారు చుట్టాలు. పైగా "జ్యూస్ బాగుంది" అన్నారు.

మా వైపు లోపమేమీ లేదని మనవి. పండు అంగుళం ముక్కలుగా కోసి, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచే ఇచ్చాం. కుప్పగా పోస్తే ఒకటే గడ్డయి బ్లేడు కదలదు. అర కిలో ముక్కలకు 300 మి.లీ. వైను, అంతే. అందులోనూ సగం ఐసు ట్రేలో పోసి తమరికే అప్పగించాం. నిండు సీసాను అలాగే లోపల పడుకోబెడితే గడ్డకట్టేటప్పుడు ఉబ్బి బిరడాను తన్నేస్తుంది కనుక ఆ పనీ చేయలేదు. పంచదార రెండు చెంచాలు. నాలుక చల్లబడితే తీపి తక్కువ తెలుస్తుంది, నిజమే, కానీ ఇంకాస్త గుమ్మరిస్తే అసలు గడ్డే కట్టదు. అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు. ఐసు ముక్క ఒక్కటీ లేదు, అది కరిగితే మిగిలేది నీళ్లే.

ఇక తమరి సంగతి. నీళ్లు 0 డిగ్రీలకే గడ్డకడతాయి కాబట్టి నాలుగు ఐసు ముక్కలు చూపించి తమరు గొప్పలు పోతారు. 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైను సుమారు మైనస్ 5 దాకా చల్లబడితే గానీ గడ్డకట్టడం మొదలెట్టదు. మైనస్ 18లో కూడా రాయి కాదు, పలుకు పలుకుగా ఉంటుంది. మనకు కావాల్సింది ఆ పలుకే. థర్మామీటరు పెట్టి చూస్తే తమరు మైనస్ 7 దగ్గర విశ్రాంతి తీసుకుంటున్నారు. మరి తలుపు మీద ఆ నక్షత్రాలేమిటంటే, కరెంటు పొదుపుకట! చలికి కాదట.

కారణం తమరి గోడల మీదే ఉంది. రెండు వేళ్ల మందం మంచు. విశాఖ గాలిలో తడి ఎంతో తమరికి తెలియనిదా? తలుపు తీసిన ప్రతిసారీ ఆ తడి లోపలికొచ్చి గోడకు అంటుకుని గడ్డకడుతుంది. లోపలి చిన్న తలుపు స్ప్రింగు పోయి వేలాడుతుంటే ఇక చెప్పేదేముంది. మంచు ఎక్కువుంటే చలి ఎక్కువనుకుంటారు జనం. ఆ మంచే గోడకు దుప్పటి! గొట్టాల్లోని చలి ముక్కల దాకా రానివ్వదు. గీకుదామా అంటే కత్తి మొన తగిలి గొట్టానికి చిల్లు పడితే గ్యాసు పోతుంది, దాంతో తమరూ పోతారు. పావు అంగుళం పేరుకోగానే డయల్ మధ్యలో బొత్తాం నొక్కి కరిగించాలి. ఆ బొత్తాం కూడా మంచు కిందే కప్పెట్టుకున్నావు కదరా!

తమరూ లేదు, సముఖమూ లేదు. నువ్వు చేసే పని ఒక్కటే, చల్లబరచడం. అది కూడా చేతకాక, మూత సరిగ్గా లేని డబ్బాలోంచి వంజరం చేప వాసన తెచ్చి మామిడికి పట్టించావు. పక్కనున్న మిక్సీ మాత్రం తక్కువదా? ముందు వైను పోసి, పైన ముక్కలు వేసి, ఆపి ఆపి తిప్పినంతసేపే బుద్ధిగా ఉంటుంది. ఆపకుండా తిప్పితే వేడెక్కి, అడుగునున్న ఎర్ర బొత్తాం టప్పుమని బయటికొస్తుంది. అయినా దాని మీద కోపం లేదు. గడ్డకట్టిన ముక్క ఇస్తే అది నలుగుతుంది. ఇచ్చేవాడివి నువ్వు.

ఈ రాత్రి నీ ప్లగ్గు పీకుతున్నాం. లోపల వేడినీళ్ల గిన్నె, కింద పాత తువ్వాలు. తెల్లారాక ఒళ్లు తుడిచి, స్ప్రింగు మార్చి, నాలుగు గంటలు ఖాళీగా నడిపించాకే ముక్కలు. ఎంవీపీ కాలనీ రైతు బజారులో సువర్ణరేఖ ఇంకా దొరుకుతోంది, నీ అదృష్టం. సాయంత్రానికి మైనస్ 15 చూపించకపోతే నీలో పెట్టేది దోసెల పిండే.

ఇట్లు,
నీ కరెంటు బిల్లు కట్టేవాళ్లు