కొత్త ఆల్బమ్‌ని మన దాకా ఎవరు తెస్తున్నారు?

2024 మార్చి చివర్లో ‘డైమండ్ జూబిలీ’ అని ఒక ఆల్బమ్ వచ్చింది. చేసింది సిండీ లీ. ఆ పేరు వెనక ఉన్నది కెనడా గిటారిస్ట్ ప్యాట్రిక్ ఫ్లెగెల్, అంతకుముందు కాల్గరీలో విమెన్ అనే బ్యాండ్‌లో వాయించిన మనిషి. 32 పాటలు, రెండు గంటల పైన నిడివి. స్పాటిఫైలో లేదు, యాపిల్ మ్యూజిక్‌లో లేదు, కళాకారులు తమ ఆల్బమ్‌లు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో కూడా మొదట్లో లేదు. వినాలంటే యూట్యూబ్‌లో మొత్తం ఆల్బమ్ ఒకే పొడుగాటి వీడియోగా ఉంది. డౌన్‌లోడ్ కావాలంటే 1990ల నాటి జియోసిటీస్ పేజీని తలపించే ఒక వెబ్ పేజీకి వెళ్ళాలి, అక్కడ పెద్ద పెద్ద వేవ్ (కుదించని ఆడియో) ఫైళ్ళు ఉంటాయి, పక్కనే వీలైతే 30 కెనడా డాలర్లు పేపాల్‌లో పంపమని ఒక మాట ఉంటుంది. పంపకపోయినా ఫైళ్ళు డౌన్‌లోడ్ అవుతాయి.

రెండు వారాలకి పిచ్‌ఫోర్క్ అనే సంగీత సమీక్షల సైట్ దానికి పదికి 9.1 ఇచ్చింది. కొత్త ఆల్బమ్‌కి వాళ్ళు అంత మార్కు వేసి అప్పటికి నాలుగేళ్ళు. ఆ ఏడాది కెనడాలో ఉత్తమ ఆల్బమ్‌కి ఇచ్చే పోలారిస్ ప్రైజ్ తుది జాబితాలోకి కూడా వెళ్ళింది. సంగీతం ఎలా ఉంటుందంటే, అరవైల నాటి అమెరికా అమ్మాయిల బృందాల పాటలు రాత్రిపూట స్టేషన్ సరిగా పట్టని రేడియోలో వింటున్నట్టు ఉంటుంది. అందరికీ నచ్చే సరుకు కాదు, మొదటి అరగంటలో వదిలేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళని తప్పు పట్టలేం.

ఈ ఆల్బమ్ గురించి రాసిన చాలామంది ‘దొరకడం ఇంత కష్టమైనా హిట్ అయింది’ అన్నారు. నాకైతే తిరగేసి చెప్పాలనిపిస్తుంది. దొరకడం కష్టం కాబట్టే జనం దాని గురించి ఒకరికొకరు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ పేజీ ఎక్కడుంది, ఫైళ్ళు ఫోన్‌లోకి ఎలా ఎక్కించాలి, రెండు గంటలు ఒకేసారి వినాలా, మధ్యలో ఆపొచ్చా, ఏ పాట దగ్గర మొదలుపెడితే పట్టుకుంటుంది... ఇదంతా ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పాల్సిందే. అలా చెప్పే క్రమంలో, చెప్పేవాడు తన పరువు కొంచెం పణంగా పెడతాడు. వినేవాడు దాన్ని బట్టే వినాలో వద్దో తేల్చుకుంటాడు.

పెద్ద కంపెనీల బయట పుట్టే అండర్‌గ్రౌండ్ సంగీతం ఎప్పుడూ ఇలాగే నడిచింది. 1980ల మొదట్లో హెవీ మెటల్ రాక్ సంగీతం పిచ్చివాళ్ళు క్యాసెట్లు కాపీ కొట్టి పోస్టులో దేశాలు దాటించేవాళ్ళు, కవర్‌లో ఒక ఉత్తరం, ఉత్తరంలో ‘మూడో పాట విను, తర్వాత మాట్లాడు’ లాంటి మాటలు. మెటాలికా బ్యాండ్ 1982 డెమో (నమూనా రికార్డింగ్) అలా చేతులు మారే తిరిగింది, కంపెనీ ఆల్బమ్ రావడానికి ముందే. బ్రిటన్‌లో జాన్ పీల్ 1967 నుంచి 2004లో చనిపోయేదాకా బీబీసీ రేడియో 1లో కూర్చుని, ఎవరికీ తెలియని బ్యాండ్లు పంపిన టేపులు వేసేవాడు. 1978లో అండర్‌టోన్స్ అనే బ్యాండ్ పాట ఒకటి నచ్చి, వెంటవెంటనే రెండుసార్లు వేశాడు. ఏ ప్లేలిస్టూ అలా చేయదు. మన దేశంలో రాక్ స్ట్రీట్ జర్నల్ అనే పత్రిక 1993లో మొదలైంది, బొంబాయిలోనో బెంగళూరులోనో అనుకుంటారేమో, అలహాబాద్‌లో. ఇండియాలో ఇంగ్లిష్‌లో పాడే కుర్రాళ్ళ బ్యాండ్లు ఒకదాని గురించి ఒకటి తెలుసుకున్నది చాలావరకు ఆ పత్రికలోనే.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది, దొంగతనమూ వచ్చింది. దాని గురించి నాకు రెండు మనసులున్నాయి. 2016 నవంబర్‌లో మూతపడ్డ వాట్.సీడీ అనే ప్రైవేట్ టొరెంట్ సైట్‌నే తీసుకోండి, అంటే సభ్యులు ఒకరి ఫైళ్ళు ఒకరు నేరుగా పంచుకునే చోటు. చట్టప్రకారం అది నేరమే, కళాకారుడి జేబులోకి పైసా వెళ్ళలేదు. కానీ అక్కడి పద్ధతి చూడండి. ఎంత తీసుకుంటున్నారో దానికి తగ్గట్టు తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే తలుపు మూసేస్తారు. అందుకని సభ్యులు పాత రికార్డులు వెతికి, సీడీలు కొని, శుభ్రంగా కాపీ చేసి, ఏ ఏడాదిది, ఏ ప్రెస్సింగ్‌ది (ఏ ముద్రణ), ఎవరు ఏం వాయించారు అన్నీ రాసి పెట్టేవాళ్ళు. ఎక్కడా అమ్మకానికి లేని వందల ఆల్బమ్‌లకి సరైన చిరునామా అదొక్కటే. మూతపడిన రోజు సంగీత కంపెనీలు సంతోషించి ఉంటాయి, నిజమే, కానీ ఆ రాతలు కూడా దాంతోపాటే పోయాయి.

ఇప్పుడు స్ట్రీమింగ్. నెలకి వంద, నూటయాభై రూపాయలు పడేస్తే పది కోట్ల పాటలు. దొరకదనే మాటే లేదు. మరి కొత్త ఆల్బమ్ ఎందుకు మన దాకా రావడంలేదు? స్పాటిఫై 2015లో డిస్కవర్ వీక్లీ అని తెచ్చింది, వారం వారం మన కోసం ఏరిన ముప్పై పాటలు. మొదట్లో చాలామందికి నచ్చింది, ఇప్పటికీ అప్పుడప్పుడు మంచి పాట తగులుతుంది. కాకపోతే ఇలాంటి సిస్టమ్ ప్రధానంగా ఎలా పనిచేస్తుందంటే, మీలాంటి పాటలు వినేవాళ్ళు ఇంకేం వింటున్నారో చూసి అది మీకు చూపిస్తుంది. అంటే ఎవరో ఒకరు ముందే విని ఉండాలి, అదీ లెక్కకి అందేంతమంది. నిన్న రాత్రి విజయవాడలో ఒక కుర్రాడు బెడ్‌రూమ్‌లో రికార్డ్ చేసి పెట్టిన ఎనిమిది పాటల గురించి దానికి చెప్పడానికేమీ ఉండదు. వినేవాళ్ళు లేరు కాబట్టి చూపించదు, చూపించదు కాబట్టి వినేవాళ్ళు రారు.

దీనిమీద డబ్బు లెక్క ఒకటి. 2020 నుంచి స్పాటిఫైలో డిస్కవరీ మోడ్ అని ఉంది, రాయల్టీ తగ్గించుకోవడానికి ఒప్పుకుంటే పాటని సిఫారసుల్లో కొంచెం ముందుకి తోస్తారు. సినిమా హాలు ముందు వాల్‌పోస్టర్‌కి డబ్బులు కట్టడం మనకి తెలిసిందే, కానీ పోస్టర్ మీద ఎవరూ ‘ఇది మీ అభిరుచికి తగ్గది’ అని రాయరు. ఇక 2024 నుంచి, ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు వినని పాటకి ఆ కంపెనీ రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం మానేసింది. చిల్లర పైసలు బ్యాంకు ఫీజులకే పోతున్నాయి, మోసగాళ్ళు లాభపడుతున్నారు అని వాళ్ళ వాదన, అందులో కొంత నిజముంది. అయినా మూడొందల మంది ఇష్టంగా విన్న పాట విలువ సున్నా అని నియమం రాసుకోవడం నాకు మింగుడుపడదు, ఎందుకంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా చేసుకునే ఇండీ సంగీతంలో చాలా భాగం ఆ మూడొందల మంది కోసమే పుడుతుంది.

దానికి తోడు ఇప్పుడు ఏఐ. ఫ్రాన్స్‌కి చెందిన స్ట్రీమింగ్ కంపెనీ డీజర్ 2025 సెప్టెంబర్‌లో చెప్పిన లెక్క ప్రకారం, తమకి రోజూ వచ్చే పాటల్లో 28 శాతం పూర్తిగా ఏఐతో చేసినవి, అంటే రోజుకి ముప్పై వేలకి పైన. అదే ఏడాది వెల్వెట్ సన్‌డౌన్ అనే ‘బ్యాండ్’ స్పాటిఫైలో నెలకి పది లక్షల శ్రోతల దాకా వెళ్ళింది, తీరా చూస్తే మనుషులే లేరు. ఇంత గుట్టలో నుంచి ‘ఇది ఫలానా మనిషి చేసింది, నేను విన్నాను, బావుంది’ అని చెప్పే గొంతు ఒకటి కావాలి. ఆ గొంతులే తగ్గిపోతున్నాయి. సిండీ లీకి 9.1 వేసిన పిచ్‌ఫోర్క్‌ని దాని యజమాని కంపెనీ అంతకి మూడు నెలల ముందే చాలామందిని తీసేసి, మగవాళ్ళ ఫ్యాషన్ పత్రిక జీక్యూలో కలిపేసింది. బ్యాండ్‌క్యాంప్‌ని 2022లో వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్ కొంది, ఏడాదిన్నర తిరిగేసరికి సంగీత లైసెన్సుల కంపెనీ సాంగ్‌ట్రేడర్‌కి అమ్మేసింది, ఆ చేతులు మారడంలో ఉద్యోగుల్లో దాదాపు సగం మంది ఇంటికి వెళ్ళారు. కొత్త ఆల్బమ్‌ల గురించి ఓపిగ్గా రాసే బ్యాండ్‌క్యాంప్ డైలీ ఇంకా నడుస్తోంది, అదే పదివేలు.

మన తెలుగు సంగతికొస్తే ఇంకో రకం చిక్కు. మనకి ఆల్బమ్ సినిమాతో వస్తుంది. లిరికల్ వీడియో, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్, హీరో ఫ్యాన్స్ పేజీలు, పాటని మోసుకొచ్చే భుజాలు బోలెడు. సినిమా లేని పాటకి భుజం ఉండదు. ఒకప్పుడు ఉండేది. జన నాట్య మండలి పాటలు, గద్దర్ గొంతులో, క్యాసెట్లుగా ఊరూరా తిరిగాయి, పాడిన మనిషి అజ్ఞాతంలో ఉన్న రోజుల్లో కూడా. అక్కడ అండర్‌గ్రౌండ్ అంటే నిజంగా అండర్‌గ్రౌండే. ఏ రేడియో వేయలేదు, ఏ పెద్ద కంపెనీ పోస్టర్ కొట్టలేదు, ఒకరి దగ్గర క్యాసెట్ ఉంటే పదిమంది దగ్గర కాపీ ఉండేది.

ఈ మధ్య కాలంలో చూస్తే ‘బుల్లెట్టు బండి’ ఉంది. సినిమా పాట కాదు, 2021 ఏప్రిల్‌లో వచ్చిన ప్రైవేట్ పాట. మామూలుగా ఆడుతున్న దాన్ని ఆగస్టులో ఒక పెళ్ళికూతురు బరాత్‌లో డాన్స్ చేసిన వీడియో రాష్ట్రాలు దాటించింది. యూట్యూబ్ దాన్ని ఎంత తోసిందో పక్కన పెడితే, ముందు మోసుకెళ్ళింది ఒక మనిషి. కానీ అలా పోయేది ఒక పాట మాత్రమే, కొద్ది నిమిషాలది. ఎనిమిది పాటలు ఒక వరసలో పెట్టి, మొదటిదానికీ చివరిదానికీ ఏదో లంకె వేసి, నలభై నిమిషాలు కూర్చోమని అడిగే ఆల్బమ్ బరాత్‌లో పనికిరాదు. దాన్ని మోసుకెళ్ళడానికి వేరే రకం భుజం కావాలి.

అది లేకపోతే ఏమవుతుంది? చౌరస్తా బ్యాండ్‌తో ‘ఊరెళ్ళిపోతా మామా’ పాడిన రామ్ మిరియాల సినిమాల వైపు వెళ్ళి 2021లో ‘చిట్టి’ పాట పాడారు, 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాట చేసి పాడారు. ఆయనకి మంచిదే, పాటలూ బావున్నాయి, ఇందులో అమ్ముడుపోవడం అనే మాట ఎత్తేవాళ్ళంటే నాకు చిరాకు. ఇల్లు గడవాలి కదా. నా బాధ వినేవాళ్ళతో. బ్యాండ్‌గా ఉన్నప్పుడు ఒక్క పాట దగ్గర ఆగిపోయి, మిగతావి వెతకని మనమే, తర్వాత తెలుగులో ఇండీ సీన్ లేదండీ అని నిట్టూరుస్తాం. తమిళంలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బ్యాండ్ గురించి, మలయాళంలో తైక్కుడం బ్రిడ్జ్ అనే బ్యాండ్ గురించి అక్కడి పత్రికలు, కాలేజీ కుర్రాళ్ళు ఎంత మాట్లాడతారో చూస్తే కాస్త అసూయగానే ఉంటుంది. మన దగ్గర సినిమా పాట మీద విశ్లేషణలకి కొదవ లేదు, ఫలానా రాగం, ఫలానా పాటకి పోలిక అంటూ గంటల వీడియోలు. హైదరాబాద్ ర్యాపర్ ఒకడు మిక్స్‌టేప్ (సొంతంగా విడుదల చేసే పాటల కట్ట) వదిలితే దాని మీద ఒక పేజీ రాసే చోటు ఎక్కడుందో చెప్పండి.

పంచుకోవడం కూడా మనం మరిచిపోయాం అనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో లింకు పడుతుంది, కింద రెండు నిప్పు ఎమోజీలు, ‘నెక్స్ట్ లెవెల్ బ్రో’. ఎవరూ తెరవరు. అదే ‘నాలుగో పాటలో డప్పు వచ్చేచోట నుంచి విను, మొదటి రెండు పాటలు సాగతీత, మిక్సింగ్ కొంచెం బురదగా ఉంది కానీ గొంతు అదిరింది’ అని రాసి చూడండి. లోపం కూడా చెప్పినప్పుడే ఆ మనిషి నిజంగా విన్నాడని నమ్మకం కుదురుతుంది. నాకు తెలిసి కొత్త సంగీతం వినిపించగలిగే స్నేహితులందరికీ ఈ అలవాటుంది, వాళ్ళు నెలకి ఒకటి మించి పంపరు కూడా.

ఇక డబ్బు. బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే సగటున 82 శాతం కళాకారుడికో లేబుల్‌కో చేరుతుంది. 2020 మార్చిలో కోవిడ్‌తో కచేరీలు ఆగిపోయినప్పుడు బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని మొదలుపెట్టారు, ఆ రోజుల్లో కంపెనీ తన వాటా వదిలేసుకుంటుంది. పది డాలర్ల ఆల్బమ్ ఒకటి అమ్ముడుపోతే ఎనిమిది డాలర్లు చేతికొస్తాయి. అదే స్ట్రీమింగ్‌లో, బయట చెప్పుకునే అంచనాల ప్రకారం వెయ్యి స్ట్రీమ్‌లకి (వెయ్యిసార్లు వింటే) మూడు నుంచి ఐదు డాలర్లు, అంటే ఆ ఎనిమిది డాలర్ల కోసం దాదాపు రెండు వేల స్ట్రీమ్‌లు కావాలి, అదీ అమెరికా, యూరప్ శ్రోతలైతే. మన దేశంలో సబ్‌స్క్రిప్షనే చవక కాబట్టి స్ట్రీమ్‌కి వచ్చేది ఇంకా తక్కువ.

అయితే బ్యాండ్‌క్యాంప్ చెల్లింపులు చాలావరకు పేపాల్ మీద నడుస్తాయి, పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి ఇండియా లోపల లావాదేవీలు ఆపేసింది. డాలస్‌లో ఉన్న తెలుగువాడు హైదరాబాద్ బ్యాండ్ ఆల్బమ్ కొనడం సులువు, కూకట్‌పల్లిలో ఉన్నవాడు కొనడం తలనొప్పి. విచిత్రమేమిటంటే దీనికి మందు మన జేబులోనే ఉంది. సిండీ లీ ఒక పేజీ, కొన్ని ఫైళ్ళు, ఒక పేపాల్ లింకుతో పని కానిచ్చారు. ఇక్కడి బ్యాండ్ ఒక పేజీ తెరిచి, ఫైళ్ళు పెట్టి, పక్కన యూపీఐ క్యూఆర్ కోడ్ అతికించి, ‘నచ్చితే రెండొందలు’ అని రాస్తే చాలు. టీ కొట్టులో పది రూపాయలకి స్కాన్ చేసేవాళ్ళం, ఎనిమిది పాటలకి చేయలేమా? చేసేవాళ్ళు మొదట్లో ఓ వందమంది ఉంటారేమో. ఆ వందమందికి ఆ పేజీ సంగతి చెప్పేది ఎవరన్నదే మిగిలిన ప్రశ్న. ఆ పని యాప్‌కి వదిలేస్తే మాత్రం జరగదు.